రాత్రి డ్యూటీ దిగి నడిచి వెళ్ళేవాళ్ళకి ఏ లైటు కావాలి?

ప్రశ్న: నేను హెల్త్ సిటీలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రెండో షిఫ్టు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. హనుమంతవాకలో బస్సెక్కి కొమ్మాదిలో దిగుతాను. అక్కడ హైవే దాటి, సముద్రం వైపు లోపలికి కిలోమీటరు పైగా నడవాలి. సగం దూరం వీధి దీపాలుంటాయి, మిగతా సగం ఖాళీ లేఅవుట్ల మధ్య చీకటి. పోయిన నెల వెనక నుంచి వచ్చిన ట్రాలీ ఆటో నా చున్నీని రాసుకుంటూ పోయింది. ఆపి, "కనపళ్ళేదమ్మా" అన్నాడు డ్రైవరు. అప్పట్నుంచి ఇంట్లో అందరూ సలహాలే. ఫోన్ టార్చి వేసుకుని నడవమంటుంది అమ్మ. పోలీసులు భుజానికి పెట్టుకుంటారే, అలాంటి ఎరుపు-నీలం బ్లింకర్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు తమ్ముడు. పటపటా వెలిగి ఆరే స్ట్రోబ్ టార్చి కొనుక్కో, ఎవడైనా దగ్గరికొస్తే కళ్ళల్లో కొడితే చాలు అంటుంది నాతో పనిచేసే ఆవిడ. నా భయం ఇంకోటి. లైటు పెట్టుకుంటే, ఆడపిల్ల ఒంటరిగా వస్తోందని నేనే దూరం నుంచి చాటింపు వేసినట్టు కాదా? నాన్న కూడా తెల్లవారకముందే వాకింగ్‌కి వెళ్తారు. నిమ్మపండు రంగు టీషర్టు ఉందిగా, చాలు అంటారు. అమ్మేమో ఈ ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరుతోంది. ఎవరికి ఏం కొనాలి?
— ఎస్., కొమ్మాది, విశాఖపట్నం

సమాధానం:

ఎస్. గారూ,

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆ ట్రాలీ ఆటో డ్రైవరుది. "కనపళ్ళేదు" అంటే మనం సాకు కింద కొట్టిపారేస్తాం గానీ, చాలాసార్లు అది నిజమే. బండి లైట్లు మీకు దూరం నుంచే కనబడతాయి. మీ నీడ ముందుకు సాగుతుంది, రోడ్డంతా వెలుగొచ్చినట్టు ఉంటుంది. దాంతో అతనికి మనం కూడా అలాగే కనిపిస్తున్నామని ధీమా వచ్చేస్తుంది. నడిచేవాళ్ళు తాము కనబడే దూరాన్ని ఉన్నదానికంటే చాలా ఎక్కువ అనుకుంటారని, ఈ విషయం మీద పనిచేసిన పరిశోధకులు పదే పదే గమనించారు.

అతని సీటులో కూర్చుని చూస్తే సంగతి తెలుస్తుంది. డిమ్ లైటు రోడ్డు మీదకి వంగి ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న మనిషికి మోకాళ్ళ దాకా వెలుగు పడితే గొప్ప. నల్ల లెగ్గింగు, ముదురు చున్నీ, నల్ల హ్యాండ్‌బ్యాగు అయితే అవన్నీ వెనకున్న చీకట్లో కలిసిపోతాయి. అదే టైముకి ఎదుటి నుంచి ఇంకో బండి హై బీమ్ వేసుకుని వస్తే ఆ కాస్త కూడా కనబడదు.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకి 60 కిలోమీటర్ల మీద వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వస్తుంది. ఏదో ఉందని చూసి, అది మనిషని పోల్చుకుని, బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఒకటిన్నర సెకను అనుకోండి. అప్పటికే 25 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీదే ఇంకో ఇరవై, పాతిక మీటర్లు కావాలి. అంటే మీరు యాభై మీటర్ల అవతలే అతనికి మనిషిగా కనిపించాలి. ముదురు బట్టల్లో, డిమ్ లైటులో అది జరిగే పని కాదు.

మీ ఇంట్లోవాళ్ళ సలహాలు ఇంకోసారి చూడండి. ఫోన్ టార్చి ముందుకి కొడుతుంది. స్ట్రోబ్ టార్చి కూడా ముందుకే. మిమ్మల్ని రాసుకుపోయిన ఆటో వచ్చింది వెనక నుంచి. ఆ మాటకొస్తే, తప్పో ఒప్పో, వెనకవైపు గురించి ఆలోచించింది మీ తమ్ముడొక్కడే.

2017 ఏప్రిల్ నుంచి కొత్త టూ వీలర్లన్నిటికీ ఇంజిను ఆన్ చేస్తే హెడ్‌లైటు దానంతటదే వెలిగేలా చేశారు. మొదట్లో సిగ్నల్ దగ్గర ప్రతివాళ్ళూ వేళ్ళు ముడిచి తెరిచి "లైటు, లైటు" అని సైగలు చేసేవారు. పట్టపగలు ఆ లైటు బండివాడికి దారి చూపించదు. బండి మిగతావాళ్ళ కంట పడటానికే అది ఉంది. మీకు ముందుగా కావాల్సింది సరిగ్గా అలాంటిదే. దారి చూసుకునే టార్చి ఆ తర్వాత.

కాబట్టి మొదటి ఖర్చు రేడియం టేపు మీద పెట్టండి. బండ్లకి అంటించే స్టిక్కరు గురించి చెప్పడం లేదు. స్టీలు ప్లాంటు, పోర్టు కార్మికులు వేసుకునే జాకెట్ల మీద బూడిద రంగు పట్టీ ఉంటుందే, బట్టకి కుట్టుకునేది, అది. దాంతోనే చేసిన వెల్క్రో బ్యాండ్లు, తట్టగానే చేతికి చుట్టుకునే పట్టీలు కూడా దొరుకుతాయి. గాజువాక, ఆటోనగర్ వైపు హెల్మెట్లు, గమ్ బూట్లు అమ్మే సేఫ్టీ సామాన్ల షాపుల్లో అడగండి, లేదంటే సైకిల్ షాపుల్లో. పెద్ద ఖరీదేం కాదు. బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగ్ మర్చిపోయామన్న గొడవ లేదు.

ఆ పట్టీలో కంటికి ఆననంత చిన్న గాజు పూసలో, పట్టకాల్లాంటి గీతలో ఉంటాయి. మీద పడ్డ వెలుగుని అవి నాలుగు వైపులా చిమ్మకుండా, ఎటు నుంచి వచ్చిందో అటే వెనక్కి పంపుతాయి. హెడ్‌లైటుకి కాస్త పైనే డ్రైవరు కళ్ళుంటాయి కాబట్టి ఆ వెలుగు నేరుగా అతనికే చేరుతుంది. రాత్రి మీ వీధి కుక్కల కళ్ళు లైటు పడగానే పచ్చగా మెరుస్తాయి చూడండి, వాటి కంటి వెనక పొర చేసేదీ ఇదే పని.

మీ భయానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. లేఅవుట్ గోడ పక్కన చీకట్లో నిలబడ్డవాడి దగ్గర హెడ్‌లైటు లేదు. అతనికి మీ పట్టీ మామూలు బూడిద రంగు గుడ్డ, అంతే. బండివాడికి మాత్రం మెరుస్తూ కనిపిస్తుంది. ఎవరికి కనబడాలో వాళ్ళకే కనబడే సరుకు ఇదొక్కటే, అందుకే నేను దీన్ని అన్ని లైట్లకంటే ముందు పెడతాను.

ఎక్కడ కట్టుకోవాలన్నది ఇంకా ముఖ్యం. అందరూ జాకెట్ అనగానే ఛాతీ, వీపు అనుకుంటారు. 1973లో గున్నార్ యోహాన్సన్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. మనుషుల కీళ్ళ దగ్గర చిన్న చిన్న వెలుగు చుక్కలు పెట్టి, ఒళ్ళు కనబడకుండా ఆ చుక్కలు మాత్రమే కనబడేలా ఫిల్ము తీశాడు. కదలకుండా ఉన్నంతసేపు అవి ఏవో చుక్కలు. నడక మొదలుపెట్టారో లేదో, చూసేవాళ్ళు రెప్పపాటులో మనిషని చెప్పేశారు. మనిషి నడకని మన మెదడు అంత తొందరగా పట్టేస్తుంది. రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్ళు తర్వాత ఈ సంగతిని బాగా వాడుకున్నారు. వీపు మీద మెరిసే ముక్కని చూసి హైవే మీద డ్రైవరు బారికేడనో, రోడ్డు పని దగ్గర పెట్టిన డ్రమ్మనో అనుకోవచ్చు. అదే రెండు మెరుపులు నేలకి దగ్గరగా ఒకదాని తర్వాత ఒకటి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, ఎవరో నడిచి వెళ్తున్నారని వెంటనే తెలిసిపోతుంది. పైగా డిమ్ లైటు వెలుగు ముందుగా పడేది కాళ్ళ మీదే.

అందుకని రెండు చీలమండలకీ చెరొక పట్టీ కట్టుకోండి, కాలు చుట్టూ తిరిగి వచ్చేలా. లెగ్గింగు మీద అయితే బాగా కూర్చుంటుంది. పటియాలా, పలాజో అయితే గుడ్డ జారి కప్పేస్తుంది, చీరైతే కుచ్చిళ్ళు కప్పేస్తాయి. అలాంటి రోజుల్లో చెప్పు వెనక మడమ పట్టీకి, లేదా బూటు మడమకి అతికించుకోండి. మణికట్టుకి ఇంకోటి ఉంటే మంచిదే. ఇంతకంటే నగలు అక్కర్లేదు.

దీనికి ఒక లోపం ఉంది. ఎదుటి బండికి లైటుంటేనే ఇది పనిచేస్తుంది. మన దగ్గర ఒంటికన్ను ఆటోలు, రాంగ్ రూట్లో లైటు ఆర్పేసుకుని వచ్చే బైకులు కరువా? వాటి కోసం సొంతంగా వెలిగే దీపం ఒకటి కావాలి. సైకిళ్ళ వెనక పెట్టే ఎర్ర లైటు చాలు, గోళీకాయ కంటే కాస్త పెద్దదిగా, క్లిప్పుతో వస్తుంది. వెనక్కి ఎరుపు, ముందుకి తెలుపు అన్న పద్ధతి తప్పకండి. ఎర్ర లైటు కనబడితే ముందున్నది తనకి వీపు పెట్టి వెళ్తోందని ఏ డ్రైవరుకైనా అలవాటుగా తెలుస్తుంది.

బ్లింక్ అవ్వాలా, నిలకడగా వెలగాలా? బ్లింక్ అయ్యేది చూపుని లాగుతుంది, ఒప్పుకుంటాను. కానీ అది ఆరి వెలుగుతుంటే ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో డ్రైవరుకి అంచనా దొరకదు. నడిచే మనిషికి నిలకడగా వెలిగేదే నయమని నా అభిప్రాయం. మరీ కావాలంటే సెకనుకి ఒక్కసారి నెమ్మదిగా వెలిగి ఆరేదాన్ని చూడండి. పటపటా కొట్టుకునే మోడ్ పక్కనున్నవాళ్ళకి కూడా చిరాకు.

క్లిప్పు ఎక్కడ పెట్టారన్నది ఒకసారి ఎవరి చేతనైనా చూపించుకోండి. చాలామంది హ్యాండ్‌బ్యాగు పై అంచుకి తగిలిస్తారు. బ్యాగులో టిఫిన్ బాక్సు, వాటర్ బాటిలు పడగానే ఆ అంచు ముందుకి వాలిపోయి, లైటు కాస్తా ఆకాశం వైపు చూస్తుంటుంది. పైన వెళ్ళే విమానానికి కనబడుతుందేమో గానీ ఆటోకి కనబడదు. లేదంటే జడ కిందో, చున్నీ కిందో నలిగి ఉంటుంది. నడుము వెనక బెల్టుకి గానీ, బ్యాక్‌ప్యాక్ అయితే కింద భాగానికి గానీ, నేలకి నిటారుగా ఉండేలా పెట్టాలి. హైవే దాటి మీ కాలనీ రోడ్డెక్కాక, బళ్ళు లేని చోట ఒంటరిగా ఉన్నానని అనిపిస్తే దాన్ని ఆర్పేసుకోవచ్చు, కాలి పట్టీలు ఎలాగూ ఉంటాయి. ఆర్పే బటన్ చేతికి తెలిసిపోయేలా ఉన్నదే కొనండి.

ఇక తమ్ముడి ఎరుపు-నీలం బ్లింకర్. ప్రేమతో తెప్పించాడు, తిట్టకండి. కానీ పెట్టుకోకండి. 2017 మే 1 నుంచి వీఐపీల కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసేయించారు. అలా మెరిసే రంగురంగుల లైట్లు పోలీసులు, అంబులెన్సు, ఫైర్ ఇంజిన్ లాంటి అత్యవసర పనుల బళ్ళకే మిగిలాయి. భుజానికి పెట్టుకున్నా చూసేవాడికి తట్టేది పోలీసే. ఆ రంగులు చూడగానే హెల్మెట్ లేని కుర్రాడు బండి గిరుక్కున తిప్పుతాడు, తాగి నడిపేవాడు గభాలున పక్క లేనులోకి కోస్తాడు, ఇంకొకడు చెకింగ్ ఎక్కడా అని మీ వైపు చూడ్డం మానేసి ముందుకి చూస్తాడు. మిమ్మల్ని చూసి మామూలుగా పక్కకి తప్పుకుని పోవాల్సినవాళ్ళని కంగారు పెట్టి మీకేం ఒరుగుతుంది? నిజంగా ఎవరైనా పోలీసు అడిగితే అదో తలనొప్పి. దానికి ఎరుపు ఒక్కటే వెలిగే మోడ్ ఉంటే నడుము వెనక వాడుకోండి, లేకపోతే వాపసు పంపించేయండి.

చేతి టార్చి గురించి. ఫోన్ లైటు ఇంట్లో కరెంటు పోయినప్పుడు బాగానే ఉంటుంది, రోడ్డు మీద నాకు ఇష్టం లేదు. చెయ్యి ఖాళీ ఉండదు. లాక్కుపోయేవాడికి పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు. అవసరానికి కాల్ చెయ్యబోతే ఛార్జింగ్ నాలుగు శాతం ఉంటుంది. అన్నిటికీ మించి, మధ్యలో ఓ మెసేజ్ చూసుకున్నారంటే ఆ తెర వెలుగుకి కళ్ళు అలవాటుపడి, తలెత్తగానే చుట్టూ ఇంకా చీకటిగా అనిపిస్తుంది. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది, అది చెడగొట్టడానికి క్షణం చాలు.

చిన్న టార్చి ఒకటి విడిగా కొనండి. 100 నుంచి 200 ల్యూమెన్ల వెలుగు మీ దారికి ధారాళం. వెలుగు సన్నటి గీతలా దూరం పోయేది కాకుండా, కాళ్ళ ముందు వెడల్పుగా పరుచుకునేది తీసుకోండి. వేలెడంత టార్చి డబ్బా మీద పది వేల ల్యూమెన్లు అని రాసుంటే నవ్వి పక్కన పెట్టేయండి. అంత చిన్న ఒంట్లో అంత వెలుగు పుట్టినా ఆ వేడికి అది నిలవదు. ఒక్క నొక్కుకి వెలిగి, ఇంకో నొక్కుకి ఆరేది వెతకండి. హై, లో, స్ట్రోబ్, ఎస్‌ఓఎస్ అని ఐదు మోడ్‌లు తిరిగితే గానీ ఆరని టార్చి చీకట్లో విసిగిస్తుంది.

హైవే దాటేటప్పుడు ఆ టార్చి డ్రైవరు కళ్ళల్లోకి కొట్టకండి. కళ్ళు మిరుమిట్లు గొలిపితే తేరుకోవడానికి అతనికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కొన్ని సెకన్లూ అతను మీ వైపే వస్తున్నాడు. టార్చిని కిందికి వంచి మీ కాళ్ళ మీద, మీ ముందున్న నేల మీద పడేలా పట్టుకోండి. వెలుగు పడ్డ మీ కాళ్ళు, కదిలే ఆ వెలుగు మడుగు, రెండూ అతనికి తెలుస్తాయి. కాస్త చుట్టైనా సిగ్నల్ దగ్గరకి నడిచి, మిగతావాళ్ళతో కలిసి దాటండి. డివైడర్‌లో సందు ఉంది కదా అని దూరి, మొదటి లేనులో లారీ ఆగి దారిచ్చిందని అడుగు ముందుకేస్తారు చూడండి, అక్కడే ప్రమాదమంతా. ఆ లారీ చాటున రెండో లేనులో వచ్చే కారుకి మీరు కనబడరు. మీ ఒంటి మీద ఎన్ని లైట్లున్నా లారీ వాటన్నిటినీ మూసేస్తుంది. లారీ చివరి దాకా వచ్చి, ఆగి, తల బయటపెట్టి చూసి అప్పుడు కదలాలి.

లోపలి రోడ్డులో ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన, ఎదురొచ్చే బళ్ళని చూస్తూ నడవండి. ఎడమ పక్కన నడిస్తే మీ పక్క బండి వీపు వెనక నుంచి వస్తుంది, తప్పుకునే అవకాశం అతని ఒక్కడి చేతిలోనే ఉంటుంది. వీధి కుక్కలుంటే టార్చి వాటి ముఖం మీద నిలపకండి. ఒకసారి దూరం నుంచే అలా తిప్పితే కళ్ళు మెరిసి ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తుంది, తర్వాత నేల మీదకి దించేయండి.

స్ట్రోబ్ టార్చి సంగతి సూటిగానే చెప్తాను. చీకటికి అలవాటుపడ్డ కళ్ళ మీద గట్టి వెలుగు పడితే మనిషి ఒక క్షణం తడబడతాడు, నిజమే. కానీ ఆ పని జరగాలంటే అతను అప్పటికే మీకు దగ్గరగా ఉండాలి, టార్చి మీ చేతిలో ఉండాలి, వణికే వేలితో సరైన మోడ్ దొరకాలి, అతను కళ్ళు తిప్పుకోకుండా నిలబడాలి. ఇన్ని కుదిరితే వచ్చేది ఒక్క క్షణం. దాన్ని ఆయుధమని నమ్ముకుని, మామూలుగా తప్పించుకునే దారిని వదిలేసి చీకటి సందులోకి ధైర్యంగా వెళ్ళడమే నాకు ఎక్కువ భయం. ఆ డబ్బుతో కీచైన్‌లా ఉండే సైరన్ కొనండి. పిన్ను లాగితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఇళ్ళున్న వీధిలో వెలుగు కంటే మోతకే కిటికీలు తెరుచుకుంటాయి. బ్యాగు లోపల జిప్పులో పెడితే లేనట్టే, భుజం పట్టీకి చెయ్యి అందే చోట కట్టుకోండి.

ఫోన్‌కి ఉన్న అసలు ఉపయోగం ఇక్కడ. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే కొత్త ఫోన్లకి ఎమర్జెన్సీ బటన్ ఉండాలని నిబంధన పెట్టారు. కీప్యాడ్ ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, స్మార్ట్ ఫోన్‌లో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కొన్ని మోడళ్ళలో ఐదుసార్లు. సెట్టింగుల్లోకి వెళ్ళి మీ ఫోన్‌లో ఎన్నో, అది ఎమర్జెన్సీ నంబరు 112కి వెళ్తోందో లేదో, ఇంట్లోవాళ్ళ నంబర్లు చేర్చారో లేదో ఈ రాత్రే చూసుకోండి. నిజానికి ఆ చీకటి సగం దూరానికి అన్నిటికంటే మంచి లైటు, ఒక బస్సులో దిగే మరో ఇద్దరు మనుషులు. అదే టైముకి దిగేవాళ్ళు మీ కాలనీలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాకబు చెయ్యండి. వెలగని వీధి దీపాల స్తంభాల మీద ఉన్న నంబర్లు రాసుకుని జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకి) ఫిర్యాదు పెట్టండి. "మా వీధిలో లైట్లు లేవు" అన్న ఫిర్యాదు కంటే స్తంభం నంబరుతో ఇచ్చింది తొందరగా కదులుతుంది.

నాన్నగారి టీషర్టు. ఆ నిమ్మపండు రంగు ఎండలో, మబ్బు పట్టిన పగలు, సాయంత్రం సందె వేళ అద్భుతంగా పనిచేస్తుంది. ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలని పట్టి మనకి కనబడే వెలుగుగా మార్చడం వల్ల ఆ మెరుపు. సూర్యుడే లేని నాలుగున్నరకి ఆ బలం చాలా వరకు పోతుంది, మామూలు లేత రంగు చొక్కాతో సమానం. జాకెట్లకి పసుపు గుడ్డ మీద మళ్ళీ బూడిద పట్టీలు ఎందుకు కుడతారనుకున్నారు? పగటికి ఒకటి, రాత్రికి ఒకటి. డిసెంబరులో మంకీ క్యాప్, దాని మీద ముదురు శాలువా కప్పుకుంటే ఆ టీషర్టు ఉన్నా లేనట్టే. ఆయనకీ రెండు కాలి పట్టీలు కట్టండి.

ఆయనకి టార్చి తలకి పెట్టుకునే రకం కంటే నడుముకి తగిలించుకునేది మంచిది. వెలుగు కళ్ళ పక్క నుంచే వస్తే గుంతల నీడలు మనకి కనబడవు, నేలంతా చదునుగా అనిపిస్తుంది. కింద నుంచి ఏటవాలుగా పడితే ప్రతి గుంతకీ, లేచిన ప్రతి మ్యాన్‌హోల్ మూతకీ నీడ పడి ముందే తెలుస్తుంది. ఎదురొచ్చే వాకర్ల కళ్ళల్లో కొట్టదు కూడా. ఆర్కే బీచ్ దగ్గరైతే తెల్లవారుజామున వాకర్ల కోసం బళ్ళు ఆపేస్తారు, మీ వైపు ఆ భోగం లేదు. రాత్రంతా నడిపిన లారీ డ్రైవరుకి నిద్ర ముంచుకొచ్చే టైము అది. కునుకు తీసేవాడికి ఏ రేడియమూ కనబడదు కాబట్టి ఆయన్ని హైవే పక్కన, సర్వీసు రోడ్డు మీద నడవనివ్వకండి. కాలనీ లోపలే నాలుగు చుట్లు తిరగమనండి, కోప్పడినా సరే.

తమ్ముడు ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తుంటే అతని సంగతీ చూడండి. మన ఊళ్ళో నవంబరు ఆఖరుకి సాయంత్రం ఐదూ ఇరవైకే సూర్యుడు దిగిపోతాడు. పిల్లలు ఇంకా పగలే అనుకుని లైటు వెయ్యరు.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త. తడి రోడ్డు హెడ్‌లైటు వెలుగుని అద్దంలా ముందుకి జార్చేస్తుంది, డ్రైవరుకి తన దారే సరిగా కనబడదు. సరిగ్గా అప్పుడే మనం నల్ల రెయిన్‌కోటు తొడిగి పట్టీలన్నీ దాని కింద కప్పేస్తాం. పట్టీ రెయిన్‌కోటు పైన ఉండాలి. లైటు కొనేటప్పుడు డబ్బా మీద ఐపీ అని ఉండే రెండంకెల నంబరు చూడండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. రెండో అంకె 4 ఉంటే చినుకులకి, 5 ఉంటే నీళ్ళ ధారకి తట్టుకుంటుంది. 7 ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడున్నా ఫరవాలేదు. మనకి వానతో పాటు ఉప్పు గాలి కూడా ఉంది. ఛార్జింగ్ పెట్టే చోట రబ్బరు మూత సరిగా నొక్కకపోతే కొన్నాళ్ళకే లోపలి లోహం పచ్చగా చిలుం పడుతుంది. వారానికోసారి మంచినీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక మూత గట్టిగా నొక్కండి. రేడియం పట్టీల మీద ఇస్త్రీ పెట్టెగానీ, బ్లీచింగ్ గానీ తగలనివ్వకండి. ఉతుకులకి వాటి మెరుపు తగ్గుతుంది, అది పగలు చూస్తే తెలీదు. రాత్రి వీధి చివర తమ్ముణ్ణి నిలబెట్టి, వాడి కంటి పక్కనే టార్చి పట్టుకుని మీ కాళ్ళ వైపు కొట్టమనండి. వెలుగు ఎదురు రాకపోతే పట్టీ మార్చే టైమొచ్చినట్టు.

ఛార్జింగ్ లైటు రోజువారీకి చాలు. ఇంట్లో మాత్రం మామూలు పెన్సిల్ సెల్స్ వేసే టార్చి ఒకటి విడిగా ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేక, ఛార్జింగ్ లైట్లన్నీ ఉన్నా లేనట్టే అయిన సంగతి మీ అమ్మగారు చెప్తారు. చవక బ్లింకర్లలో, సొంతంగా వెలిగే రకం పట్టీల్లో చాలావాటికి రూపాయి బిళ్ళలాంటి సీఆర్ 2032 బ్యాటరీ ఉంటుంది. ఇంటికి చంటిపిల్లలు వస్తూ పోతూ ఉంటే, ఆ మూత స్క్రూతో బిగించేదే కొనండి. పిల్లలు ఆ బిళ్ళ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక అమ్మగారి గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే, 32 కిలోమీటర్లు, రాత్రంతా నడకే. హనుమంతవాక, అప్పుఘర్ దాటేసరికే లక్షల్లో జనం ఉంటారు కాబట్టి బండి గుద్దుతుందన్న బెంగ తక్కువ, తప్పిపోవడం ఎక్కువ. అక్కడ చేతికి కట్టుకునే, సొంతంగా వెలిగే ఎల్‌ఈడీ బ్యాండ్లు నిజంగా పనికొస్తాయి. మీ గుంపులో అందరికీ ఒకే రంగు, అందరూ ఎడమ చేతికే కట్టుకుంటే, చెయ్యెత్తగానే ఒకరినొకరు పోల్చుకుంటారు. తలకి కట్టుకునే లైటు మాత్రం ఆ జనంలో వద్దు, ముందు తిరిగి చూసినవాళ్ళందరి కళ్ళూ పోతాయి. చెప్పుల్లేకుండా నడుస్తానంటే నడుము టార్చి తప్పకుండా ఇవ్వండి, కొబ్బరి చిప్పలు, రాళ్ళు, వాన నీళ్ళ గుంతలు చూసుకుని అడుగు వేస్తారు. బ్యాండు లోపలి వైపు చెరిగిపోని మార్కర్‌తో మీ ఫోన్ నంబరు రాసి కట్టండి. ఆ జనంలో సిగ్నల్ దొరకడం గానీ, డప్పుల మోతలో ఫోన్ మోగితే వినబడటం గానీ నమ్మకం లేదు.